మీరు అడిగారు: గంజాయి మలాం వద్దు, వావిలి మలాం చేసుకుందాం

పోయిన నెల వావిలాకు నూనె గురించి నాలుగు మాటలు రాశాను. అప్పటినుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది మాత్రం వావిలి గురించి కాదు, గంజాయితో ఇంట్లో మలాం చేసుకోవచ్చా అని. ముప్పై ఏళ్లు మందుల కౌంటర్ దగ్గర నిలబడి పనిచేసిన దాన్ని, మా అమ్మ మోకాళ్ల నొప్పితో రాత్రిళ్లు నిద్రపోకపోవడం కళ్లారా చూసిన దాన్ని కాబట్టి, ఈ ప్రశ్న వెనకాల ఎంత నొప్పి ఉందో నాకు తెలుసు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: అమ్మా, నాకు 63 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయన్నారు డాక్టరు గారు. కెనడాలో ఉన్న మా అమ్మాయి ఫోన్‌లో చెప్పింది, అక్కడ గంజాయిని కొబ్బరినూనెలో కాచి, మైనం కలిపి మలాంలా చేసుకుని నొప్పులకి రాసుకుంటారంట. కొబ్బరినూనె మన ఇంట్లోనే ఉంది, తేనె మైనం దొరుకుతుంది. మా దగ్గర పనిచేసే కుర్రాడు మన్యం నుంచి ఆకు తెస్తానంటున్నాడు. పైన రాసుకునేదే కదండీ, తాగేది కాదు కదా, తప్పేముంది?
— రాజోలు దగ్గర నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి అక్కయ్యగారూ. ఆ కుర్రాడికి ఈరోజే వద్దని చెప్పేయండి.

మీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి పెద్దవాళ్లకి గంజాయి చట్టబద్ధం, చాలా ప్రాంతాల్లో ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు కూడా. వాళ్ల పెరట్లో మొక్క, వాళ్ల పొయ్యి మీద నూనె, వాళ్లకి ఇబ్బంది లేదు. మన దగ్గర 1985 నాటి మత్తు పదార్థాల చట్టం ఉంది, అదే అందరూ ఎన్‌డీపీఎస్ అంటారే, అది. అందులో తాగడానికా రాసుకోవడానికా అనే తేడా లేదు, దగ్గర ఉంచుకోవడమే నేరం. కిలో లోపు దొరికితే ఏడాది దాకా కఠిన జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ల దాకా. పెరట్లో మొక్క పెంచినా పదేళ్ల దాకా వెయ్యొచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు, మత్తు పదార్థాన్ని వేరేదాంట్లో కలిపితే ఆ మొత్తం బరువును లెక్కలోకి తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. గుప్పెడు ఆకు రెండు కిలోల నూనెలో వేసి కాచారనుకోండి, గుప్పెడే కదా అని వాదించడానికి లేకుండా పోవచ్చు.

"ఆకు మీద కేసు ఉండదంట కదా" అని ఇంకో ఇద్దరు రాశారు. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత కొసలు అని ఉంది, పూత లేకుండా ఉత్త ఆకులు, గింజలు ఉంటే ఆ మాట కిందకి రావన్నది నిజమే. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు దుకాణాల్లో ఆకుతో చేసే భంగు అమ్మేది అందుకే. మన దగ్గర ఆ పద్ధతి లేదు. పైగా మన్యం నుంచి సంచుల్లో దిగేది ఎండిన పూతే. పోలీసులు పట్టుకుంటే ఆ కుర్రాడు మీ పేరే చెబుతాడు, ఎందుకంటే తెమ్మన్నది మీరే. కేసులో వాడి బతుకు ఏమవుతుందో కూడా ఒక్కసారి ఆలోచించండి.

సరే, చట్టం పక్కన పెడదాం, అసలు ఆ మలాం మోకాలికి పనిచేస్తుందా? పచ్చి మొక్కలో ఉండే పదార్థం వేడి తగిలాక టీహెచ్‌సీగా మారుతుంది, మత్తు ఇచ్చేది అదే. సీబీడీ అని ఇంకొకటి ఉంది, అది మత్తు ఇవ్వదు. రెండూ నీళ్లలో సరిగ్గా కరగవు, నూనెలో కరుగుతాయి, అందుకే వాళ్లు కొబ్బరినూనె వాడతారు. కానీ మన చర్మం పైపొర కూడా కొవ్వుతో నిండినదే, నూనెలో కరిగే పదార్థాన్ని అది అక్కడే పట్టేసుకుంటుంది, లోపలికి దిగేది కొంచెమే. అందుకే రాసుకున్నవాళ్లకి మత్తెక్కదు. అదే కారణంగా చర్మం, కొవ్వు, నరాలు, కండ దాటి లోపలెక్కడో ఉన్న మోకాలి కీలు దాకా అది చేరుతుందని నమ్మకంగా చెప్పడానికీ లేదు. సీబీడీ పూతమందు మీద జరిగిన పరిశీలనలు చిన్నవి, ఒకదాంట్లో కాళ్ల నరాల మంట ఉన్న 29 మంది, ఇంకోదాంట్లో బొటనవేలి కీలు అరిగిన 18 మంది. కొంత ఉపశమనం కనిపించింది, నిజమే. కానీ అక్కడ వాడింది కొలత ప్రకారం తయారుచేసిన మందు. ఇంట్లో కాచిన నూనెలో ఎంత ఉందో కాచినవాళ్లకీ తెలియదు.

మరి అక్కడివాళ్లకి హాయిగా ఉందంటే ఎలా అంటారా? పడుకునే ముందు పదినిమిషాలు గోరువెచ్చని నూనెతో మోకాలి చుట్టూ మర్దన చేస్తే ఏ నూనెతో అయినా హాయిగానే ఉంటుంది. ఆ హాయి మీరు మీ ఇంట్లోనే పొందొచ్చు, దానికి మన్యం దాకా మనిషిని పంపక్కర్లేదు. దాంతోపాటు మీ డాక్టరు గారిని డైక్లోఫినాక్ జెల్ గురించి అడగండి. మోకీలు అరుగుదలకి పైన రాసే మందుల్లో గట్టి రుజువు ఉన్నది అదే. కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నా ఆ సంగతి ముందే చెప్పాలి. ఇక కుర్చీలో కూర్చుని కాలు చాపి అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి దించడం, కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మా అమ్మ దీన్ని పట్టించుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీరు మాత్రం మానకండి.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ బిల్లుతో సహా కొన్న గంజాయి బామ్ డబ్బా తెస్తానంటున్నాడు. బిల్లు ఉంటే పర్వాలేదు కదండీ?
— భీమవరం

జవాబు: పర్వాలేదు అనుకోవద్దు. అక్కడి బిల్లు ఇక్కడ కస్టమ్స్ వాళ్లకి అనుమతి పత్రం కాదు. ఎయిర్‌పోర్టులో డబ్బా బయటపడితే పండక్కి వచ్చిన పిల్లాడు స్టేషన్ చుట్టూ తిరగాలి. కెనడాలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకీ ఇదే మాట, అక్కడ గంజాయి ఎంత చట్టబద్ధమైనా దేశం సరిహద్దు దాటించడం వాళ్ల చట్టం ప్రకారమే నేరం, మత్తులేని సీబీడీ సరుకుతో సహా. చాక్లెట్లు తెమ్మనండి చాలు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో హెంప్ సీడ్ ఆయిల్ అని అమ్ముతున్నారు, విజయ తైలం అని కూడా కనపడుతోంది. ఇవన్నీ గంజాయేనా? కొనొచ్చా?
— తాడేపల్లిగూడెం

జవాబు: రెండూ ఒక్కటి కాదు, కలిపేసుకోవద్దు.

హెంప్ సీడ్ ఆయిల్ అంటే ఆ జాతి మొక్క గింజల నుంచి తీసిన నూనె. గింజలో మత్తు ఉండదు. మన ఆహార భద్రతా సంస్థ 2021లో ఈ గింజని, నూనెని, పిండిని తినే పదార్థాలుగా ఒప్పుకుంది. నూనెలో టీహెచ్‌సీ కిలోకి 5 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. అయితే మీరు ఆశించే నొప్పి తగ్గించే గుణం కూడా అందులో లేదు. మంచి నూనె, చర్మానికి మెత్తగా ఉంటుంది, అంతవరకే. అంత డబ్బు పెట్టి మోకాలికి రాసుకునేకంటే గానుగ నువ్వులనూనె కొనుక్కోండి.

విజయ అనేది ఆయుర్వేదంలో ఈ మొక్కకున్న పేరు. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన మూలికల పట్టిక ఒకటి మన మందుల నిబంధనల్లో ఉంది, భంగు అందులో ఉంది. లైసెన్సు ఉన్న కంపెనీలు దాని ఆకు సారంతో మందులు చేస్తున్నాయి, ఆయుర్వేద డాక్టరు చీటీ మీద తీసుకోవాలి. నిజంగా ఆ మందే వాడాలని ఉంటే దారి అదొక్కటే. చీటీ అడగకుండా పంపిస్తామనేవాళ్ల దగ్గర, లేబుల్ మీద లైసెన్సు నంబరు లేని సీసాలు కొనకండి.

ప్రశ్న: అక్కా, మీరు రాసినట్టే వావిలాకు వేసి నూనె కాచాను, మైనం కలిపి మలాం కూడా చేశాను. నెల తిరక్కుండానే పైన బూజు పట్టింది, వాసన మారింది. ఎండాకాలం కదా, మైనం కూడా నిలవకుండా నీళ్లలా అయిపోయింది. ఎక్కడ తప్పు జరిగింది?
— పాలకొల్లు

జవాబు: తప్పు నాది అమ్మా. పోయిన నెల చోటు లేదని ఆకు ఎండబెట్టడం గురించి ఒక్క ముక్కలో తేల్చేశాను. మా అమ్మ కోసం నేను మొట్టమొదట చేసిన సీసాకీ ఇదే గతి పట్టింది, పచ్చి ఆకు నూరి నూనెలో వేసి, చిటపటలు ఆగకముందే దించేశాను, ఇరవై రోజుల్లో పైన తెల్లగా తెట్టు కట్టింది. బూజుకి కావాల్సింది నీటి చెమ్మ. మీది పారేయండి, పైన తీసేసి కింద వాడుకోవద్దు.

వావిలి మనకి కొత్త కాదు. కాలవ గట్ల మీద కంచెలా పెరుగుతుంది, బాలింతకి వావిలాకు నీళ్లు కాచి పోయని ఇల్లు మన వైపు ఉండేది కాదు. ఆయుర్వేదంలో నిర్గుండి తైలం అనేది దీనితోనే.

కోసేటప్పుడు మంచు ఆరాక, ఎండ బాగా ఎక్కకముందు కొయ్యండి. నీడలో గుడ్డ మీద పలచగా పరిచి, చేత్తో నలిపితే గలగలమని పొడయ్యేదాకా ఆరనివ్వాలి. మన డెల్టాలో శ్రావణ భాద్రపదాల్లో ఏ ఆకూ అలా ఎండదు, గాలిలోనే తడి ఉంటుంది. అందుకే ఏడాదికి సరిపడా ఆకు మాఘ ఫాల్గుణాల్లో ఆరబెట్టుకుని మూత బిగిసే డబ్బాలో పోసుకోండి. 50 గ్రాముల ఎండాకుకి అర లీటరు నువ్వులనూనె. నూనె గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకుండా, నీళ్లు పోసిన పెద్ద గిన్నెలో కూర్చోబెట్టి, కింద నీళ్లు సన్నగా మరుగుతూ ఉండేలా రెండు గంటలు ఉంచండి. నీళ్ల చుక్క నూనెలో పడకూడదు. చల్లారాక పలచని బట్టలో వడకట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగు మడ్డి వదిలేసి పైన తేట మాత్రం వంచుకోండి.

పెద్దవాళ్లు పచ్చాకు ముద్దతోనే కాచేవాళ్లు కదా అంటారేమో. కాచేవాళ్లు, కానీ వాళ్లకి పాకం తెలుసు. ముద్దని వేళ్ల మధ్య నలిపితే ఒత్తిలా రావాలి, దాన్ని నిప్పు మీద వేస్తే చిటపట అనకూడదు, అంటే నీరు పూర్తిగా ఇంకిపోయినట్టు. నూనెకైతే పాకం వచ్చేవేళకి నురగ లేస్తుంది, నెయ్యికైతే నురగ అణుగుతుంది. ఇది చేతికి అలవాటు అయ్యేదాకా మీరు ఎండాకుతోనే చేయండి.

ఇక కరిగిపోవడం సంగతి. మీరు కొబ్బరినూనె వాడి ఉంటారు. మనూళ్లలో అది సహజమే, కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన ఎండల్లో అది మలాంకి గట్టిదనం ఇవ్వదు. ఏ నూనె అయినా గట్టిదనం అంతా మైనానిదే, తేనె మైనం 62 డిగ్రీలు దాటితేగానీ కరగదు. మామూలు రోజుల్లో 250 గ్రాముల నూనెకి 50 గ్రాముల మైనం, రోహిణి కార్తెకి వాడుకునేదైతే 60 దాకా వేయండి. మైనం సన్నగా తరిగి, అదే వేడినీళ్ల గిన్నెలో నూనెతోపాటు కరిగించాలి. ఒక చెంచా తీసి అయిదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, మరీ గట్టిగా ఉంటే కాస్త నూనె, జారుగా ఉంటే కాస్త మైనం. మైనం కొనేటప్పుడు వాసన చూడండి, తేనె వాసన రావాలి, చేతిలో పిసికితే మెత్తబడాలి. పెళుసుగా పొరలుపొరలుగా రాలితే అది కొవ్వొత్తి మైనం కలిపినది.

ముద్ద కర్పూరం వేసుకుంటే చల్లగా ఉంటుంది. ఆ మొత్తానికి 5 గ్రాములు చాలు, పొయ్యి ఆర్పేసి గిన్నె కిందకి దించాకే వేయాలి, దాని ఆవిరికి మంట అంటుకుంటుంది. హారతి బిళ్లలు వాడొద్దు. సీసాలు గాజువి, బాగా ఆరినవి, పైన తేదీ రాసి అంటించండి. ఆరు నెలలు. వాసన పాత నూనెలా ముక్కుకి కొడితే ఇక అంతే. మొదటిసారి మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒకరోజు చూసుకుని తర్వాత వాడండి.

ఇంట్లో చేసేది తక్కువదని మాత్రం అనుకోవద్దు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం కూడా ఇలా పైన రాసుకునే నొప్పి మందే కదా.

ప్రశ్న: బాబుకి 14 నెలలు, జలుబు. ఇంట్లో చేసిన కర్పూరం మలాం ఛాతీకి రాయొచ్చా?
— మండపేట

జవాబు: రాయొద్దు. రెండేళ్ల లోపు పిల్లలకి కర్పూరం ఏ రూపంలోనూ వద్దు. వేలితో తీసి నోట్లో పెట్టుకుంటే కొంచెం కర్పూరానికే ఫిట్స్ వస్తాయి. మలాం సీసా అటక మీదే ఉండాలి.

ప్రశ్న: అమ్మా, మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళతారు. భుజం నొప్పి రెండేళ్లుగా ఉంది. తోటి పనివాళ్లు చెప్పారని నొప్పి తెలియకుండా ఉంటుందని గంజాయి తాగడం మొదలుపెట్టారు, ఇప్పుడు అది లేకపోతే నిద్ర పట్టట్లేదు. ఎవరికైనా చెబితే పోలీసులు పట్టుకుంటారేమోనని భయం. ఏం చెయ్యను?
— కొత్తపేట వైపు నుంచి

జవాబు: ముందు ఒకటి చెబుతాను తల్లీ, చెట్టెక్కే మనిషి మత్తులో ఎక్కితే జరిగేది భుజం నొప్పి కంటే పెద్దది. అందుకే ఈ వారంలోనే కదలండి.

వైద్యం కోసం వెళితే పోలీసులకి పట్టిస్తారని భయపడకండి. అలవాటు పడిన మనిషి తక్కువ మోతాదుతో కేసులో చిక్కినా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యం పూర్తి చేసుకుంటానంటే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్, 64ఏ, అదే చట్టంలో ఉంది. 14446 అనే నంబరుకి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, మత్తు మానడానికి సలహా చెబుతారు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని మీరిద్దరూ కలిసి వెళ్లండి. అదే రోజు ఎముకల డాక్టరుకి ఆ భుజం కూడా చూపించండి. రెండేళ్లు చెయ్యి పైకెత్తి పనిచేసిన భుజంలో కండని ఎముకకి పట్టి ఉంచే తాడులాంటి భాగం చిరిగి ఉండొచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. నొప్పికి మందు దొరక్కే ఆయన అటు వెళ్లారు, తిట్టొద్దు. ఏమైందో మళ్లీ నాకు రాయండి.

ప్రశ్న: రొయ్యల చెరువు పని. రోజంతా నీళ్లలో కాళ్లు, మడమలు పగిలి రక్తం వస్తోంది. నాకు షుగరు కూడా ఉంది. మీ మైనం మలాం పనికొస్తుందా? ఇంట్లోవాళ్లు ఉప్పు మూటతో కాపడం పెడతామంటున్నారు.
— నరసాపురం

జవాబు: తమ్ముడూ, కాపడం వద్దు. షుగరు ఉన్న కాళ్లకి స్పర్శ తగ్గి ఉంటుంది, కాలినా తెలియదు, పొద్దున లేచి చూస్తే బొబ్బ కనపడుతుంది. మలాం మాత్రం పనికొస్తుంది, మైనం పనితనం నిజంగా కనిపించేది పగిలిన మడమల మీదే, చర్మంలో ఉన్న తడి బయటికి పోకుండా పొరలా పడుతుంది. నీకు కర్పూరం లేకుండా ఉత్త నూనె, మైనంతో చేయించుకో. రాత్రి కాళ్లు సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో వేళ్ల సందులు కూడా ఒత్తి తుడిచి, మడమలకి మాత్రం పట్టించి నూలు సాక్సు వేసుకుని పడుకో. వేళ్ల మధ్య తెల్లగా నానిపోయి ఒరిసిన చోట రాయకు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పెరుగుతుంది. రక్తం కారే పగులుకి ముందు డాక్టరుకి చూపించి కట్టు కట్టించుకో, అది మానేదాకా చెరువులోకి దిగొద్దు. యజమానితో మాట్లాడి గట్టు మీద మేత పనో, ఏరియేటర్ల దగ్గర కాపలా పనో అడుగు. దిగక తప్పని రోజున మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకో, తీశాక లోపల చెయ్యి పెట్టి చూసుకో, రొయ్య ముల్లో, ఇసుకో ఏదైనా ఉంటే నీ కాలికి తెలియకపోవచ్చు.